ఆమె కూసున్నప్పుడే వచ్చిన వాసన

2023 వానకాలం. తాండూరుల నా దుకాణం హైదరాబాద్ రోడ్డు మీద, నాపరాయి పాలిష్ మిషన్లు నడిచే గల్లీకి ఎదురుంగ. నా పేరు బాలప్ప. కార్ల ఏసీ, హీటర్ పని తప్ప ఇంకోటి ముట్టను. ఇరవై ఏండ్లు దాటింది గీ పనిల. ఎండకాలం అన్నం తినే తీరిక ఉండది, వానలు పడ్డంక జర ఊపిరి పీల్చుకుంట. ఊరంత రాళ్ల దుమ్మే కాబట్టి నా కాడికొచ్చే బండ్లల్ల సగం దుమ్ము పట్టి గాలి ఆడనివే ఉంటయి.

ముందుగాల నా సంగతి ఒకటి చెప్పుకోవాలె. దుకాణానికొచ్చే పదిమందిల తొమ్మిదిమంది బండి దిగుడు దిగుడే "బాలప్పా, గ్యాస్ కొట్టు" అంటరు. చల్లగ రాకుంటె గ్యాసే, చప్పుడొస్తె గ్యాసే, ఇంట్ల పెండ్లాంతోని కొట్లాటైనా గ్యాసే అన్నట్టు. నాకు ఒళ్లు మండుతది. "కొట్టాల్నా వద్దా అనేది నా గేజులు చెప్తయి, నువ్వెందుకు ఫికర్ చేస్తవ్" అంట. గేజులంటె ఏసీ పైపులల్ల ఒత్తిడి చూపించే ముండ్ల మీటర్లు. వాటి మీద నాకున్న నమ్మకం మనుషుల మాట మీద ఉండకపోయేది. కస్టమర్ చెప్పేది సగం వినేలోపే బానెట్ లేపేటోన్ని. అందరు "బాలప్ప చెయ్యి పెడితె పని అయినట్టే" అంటుంటె నాకు తల ఎత్తుకొని తిరుగుడు అలవాటైంది.

గట్ల ఉన్న దినాలల్ల ఒక శుక్రవారం రాజేశ్వర్ సేటు తెల్లకారు వచ్చింది. సేటుకు కందిపప్పు మిల్లు, దాని పక్కనే పెద్ద గోదాం. మనిషి నెమ్మది. భార్య పోయి చాన ఏండ్లయింది, ఒక్కతే బిడ్డ, స్రవంతి. జహీరాబాద్ ఇచ్చిండు. మొదటి కాన్పుకు పుట్టింటికి తోలుకొచ్చిండు, అప్పటికి ఏడో నెల. లోపల పిల్ల బరువు జర తక్కువున్నదని డాక్టరు వారం వారం రమ్మన్నదట. ప్రతి గురువారం సేటే స్వయంగ బండి నడుపుకుంట బిడ్డను వికారాబాద్ తోలుకపోతుండె. మిల్లుల డ్రైవర్ ఉన్నా సరే, బిడ్డ విషయంల వేరేటోళ్లను నమ్మకపోయేది.

"బ్లోవర్ ఆగుతున్నది బాలప్పా. నడుస్త నడుస్త బందైతది, మల్ల దానంతట అదే వస్తది" అన్నడు. బ్లోవర్ అంటె లోపలికి గాలి తోసే ఫ్యాను.

చూస్తె రిలే కాడ తప్పు దొరికింది. రిలే అంటె కరెంటును కలిపి ఇడిసే చిన్న డబ్బ. దాని పిన్నులు మసి పూసినట్టు నల్లగైనయి. వానకాలం తేమకు తుప్పు పట్టుడు మామూలే అనుకొని కొత్త రిలే ఏసి, వైర్ల కొసలు గీకి శుభ్రం చేసిన. అయిపోయింది సేటూ అంటుంటె, ముందు సీట్ల కూసున్న స్రవంతి అద్దం దించింది.

"కాకా, వాసన సంగతి గూడ చూడు. పోయి వచ్చేదంక తలకాయ పగిలిపోతది, కడుపుల తిప్పుతది."

"తడి బట్టలు ముక్కినట్టు వస్తదా బిడ్డా?"

"గట్ల కాదు. ఎల్లిగడ్డ కుళ్లినట్టు వస్తది."

నేను ముక్కు లోపల పెట్టి పీల్చిన. వెల్లుల్లి వాసన ఏం లేదు. సేటు నవ్వుకుంట, "గదే బండిల మా డ్రైవర్ సోమవారం హైదరాబాద్ పోయొచ్చిండు, నేను దోమ ఊరి దిక్కు పోయొచ్చిన. ఎవ్వరికి రాలే. ఈమెకే వస్తది" అన్నడు.

నేను గూడ నవ్విన. ఇప్పుడు చెప్పుకోవాలంటె సిగ్గైతది. "బిడ్డా, గీ టైంల ముక్కు గట్లనే ఉంటది. మా ఇంటామెకు కడుపుల పిల్ల ఉన్నప్పుడు అన్నం ఉడికే వాసన గూడ పడకపోయేది" అన్న. స్రవంతి నా దిక్కు ఒకసారి చూసి అద్దం ఎక్కిచ్చుకున్నది.

అయినా పని పనే కద. కూలింగ్ కాయిల్ కడిగిన. డాష్‌బోర్డు లోపల ఉండే గా కాయిల్ మీద ఎప్పుడు తేమ ఉంటది కాబట్టి బూజు పట్టి వాసన కొడ్తది. క్యాబిన్ ఫిల్టర్ మార్చిన. బండి ఘమఘమలాడింది. సేటు ఖుష్.

మల్ల శుక్రవారం సేటు ఒక్కడే వచ్చిండు. బ్లోవర్ మల్ల ఆగింది. బిడ్డకు నిన్న దారిల రెండుసార్లు వాంతైంది. నేను రిలే గుంజి చూస్తె, వారం కింద ఏసిన కొత్త రిలే, పిన్నులు మల్ల నల్లగైనయి. గప్పుడన్న నాకు అనుమానం రావాలె. వారంల ఏ తేమ అయినా గంత పని చేస్తదా? కని నేను వైపర్ల కాడినుంచి నీళ్లు దిగుతున్నయేమో అని నీళ్లు పోసి చూసిన. దిగలే.

తర్వాత హీటర్ కాయిల్ చూసిన. మన దిక్కు హీటర్ ఎవ్వరు ఏసుకోరు, అది ఉన్నదనే సగం మందికి తెలువది. అది లీకైతె రేడియేటర్ నీళ్ల తియ్యటి వాసన లోపలికొస్తది, తలనొప్పి వస్తది. లీకు లేదు. సైలెన్సర్ పొగ లోపలికొస్తుందా అని కింద పండుకొని చూసిన. అది గూడ మంచిగనే ఉన్నది. గేజులు పెట్టిన, ముండ్లు ఎక్కడుండాల్నో అక్కడనే ఉన్నయి. నేనే స్టీరింగ్ పట్టి అరగంట తిప్పిన. చల్లగ, హాయిగ ఉన్నది బండి.

అప్పుడు నాకు పెద్ద తెలివి తోచింది. ఏసీల రెండు తీర్లుంటయి. ఒకటి రీసర్క్యులేషన్, లోపలి గాలినే మల్ల మల్ల తిప్పుతది. ఇంకోటి ఫ్రెష్ ఎయిర్, బయటి గాలి గుంజుకుంటది. సేటు బండిల ఎప్పుడు మొదటిదే ఉండేది. అద్దాలన్ని బిగిచ్చి గంటసేపు గదే గాలి పీలిస్తె మామూలు మనిషికే తల బరువెక్కుతది, కడుపుతోని ఉన్న మనిషికి ఎక్కదా?

"సేటూ, దొరికింది. ఇగ బయటిగాలి బటనే ఉంచు. బిడ్డకు మంచిగుంటది" అని నేనే బటన్ నొక్కిచ్చిన. అది మల్ల మార్చొద్దని గట్టిగ చెప్పిన.

పుస్తకంల రాసున్నట్టు చెప్తె అది సరైన సలహానే. గా సరైన సలహానే ఆ బిడ్డ పాణం మీదికి తెచ్చింది.

తర్వాతొచ్చిన గురువారం వాన దంచి కొడ్తున్నది. పదకొండు గంటలకు సేటు ఫోన్. "బాలప్పా, బిడ్డ దారిలనే పడిపోయింది. వికారాబాద్ దవాఖానల ఏసిన. ఊపిరి ఆడుతలేదంటున్నది. హైదరాబాద్ తోలుకపోవాలంటరేమో. బండి ఏసీ మొత్తమే బందైంది. నువ్వు జర రా."

పనిముట్ల సంచి ముందల పెట్టుకొని బైకు మీద ఎల్లిన. ధారూర్ దాటేసరికి లోపలి బనీను దంక తడిసింది. దారి పొడుగుత ఒకటే ఆలోచన, బయటిగాలి ఇచ్చినంక గిట్లెందుకైంది, బయటిగాలి ఇచ్చినంక ఎక్కువెందుకైంది అని.

దవాఖాన షెడ్డు కింద కారున్నది. సేటు లోపల ఉన్నడు. నేను బానెట్ లేపి వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జాలి కాడికి వంగిన. బయటిగాలి బటన్ నొక్కితె బండి గాలి గుంజుకునేది గక్కడినుంచే. వంగిన్నో లేదో ముక్కుల గుప్పుమన్నది, కుళ్లిన ఎల్లిగడ్డ. ఎన్కకు జరిగి చేతుల తొడుగులు ఏసుకొని, ముక్కుకు రుమాలు కట్టుకొని మల్ల చూసిన. జాలి మూలకు, లోపలికి దోపి, చిన్న తెల్లబట్ట మూట. పొడుగు ప్లయ్యర్‌తోని గుంజి, మనుషులు లేని దిక్కు గోడ అవతల పెట్టి ఇప్పిన. లోపల బూడిద తీరు పొడి, దాంట్ల ఇంక కరగని గోళీ ముక్క.

గా గోళీలు నాకు తెలుసు. పప్పు గోదాంలల్ల బస్తాల మీద పెద్ద పరదా కప్పి, లోపల గవి పెడ్తరు. గాలిల తేమ తగిలితె విషపు గ్యాస్ ఇడుస్తయి. పురుగన్నది మిగలది. మూడు నాలుగు దినాలు గా గోదాం దిక్కు మనిషిని పోనియ్యరు. ఇంక చెప్పాల్నంటె, రెండేండ్ల కింద గదే సేటు మాట కాదనలేక మిల్లు ఆఫీసుల ఏసీ బాగుచేస్తుంటె రాగి పైపు నల్లగై ఉండె. ఏందిది అని అడిగితె గక్కడి ఎలక్ట్రీషియన్ చెప్పిండు, "గోళీల గాలి తగిలితె రాగి గిట్లనే నల్లబడ్తది అన్నా" అని. నా రెండు చెవులతోని విన్న మాట. గా నలుపునే రిలే పిన్నుల మీద రెండుసార్లు చూసి తేమ అనుకున్న.

సేటు బయటికొచ్చిండు. నేను గోడ దిక్కు చూపిచ్చిన. "ఏంది సేటూ ఇది?"

"ఎలుకలకు పెట్టిన" అన్నడు మామూలుగనే. ఇంక అర్థం కాలే ఆయనకు. "ఎండకాలంల ఏసీ వైర్లు కొరికినయి, నువ్వే కద బాగుచేస్తివి, నువ్వే కద ఎలుకల సంగతి చూసుకో సేటూ అంటివి. బిడ్డను కూసోవెట్టుకొని పోతుంటె నడిమిట్ల బండి ఆగితె ఎట్ల? అందుకే ఆమెను తోలుకపోయే ముందు దినం పొద్దుగూకినంక ఒక గోళీ పెడ్త. బానెట్ కిందనే కద, గ్యాస్ గాలికి పోతది. ఇంటికొచ్చినంక తీసి పారేస్త. నిన్న ఎలుక పెంటికలు కనపడినయని మూడు పెట్టిన."

"మిగిలిన దినాలల్ల పెట్టవా?"

"ఎందుకు? ఆమె పోయే దినమే కద బండి ఆగొద్దు."

ఎవ్వరికి రాని వాసన ఆమెకే ఎందుకొచ్చిందో గప్పుడు తెలిసింది. డ్రైవర్ పోయిన దినం గోళీ లేదు. నేను తిప్పిన దినం గోళీ లేదు. ఆమె కూసున్న ప్రతిసారి ఉన్నది. బండి రాత్రంత షట్టర్ లోపల మూసి ఉంటది. పొద్దుగాల ఆమె ఎక్కి కూసుంటది. సేటుకు పాన్ అలవాటు కాబట్టి ఆయన పక్క అద్దం ఎప్పుడు సగం దించే ఉంటది. ఆయనకు తలనొస్తె బీపీ అనుకున్నడు.

ఎట్ల చెప్పాలె గా మనిషికి? నాకు మెత్తగ చెప్పుడు రాదు. "సేటూ, గా గాలి జాలిలకెల్లి సక్కగ బిడ్డ ముక్కులకు పోయింది" అన్న. "నేను బయటిగాలి బటన్ నొక్కిచ్చి ఇంక ఎక్కువ పోనిచ్చిన."

సేటు మెట్ల మీద కూలబడ్డడు. నా చెయ్యి పట్టుకున్నడు.

"బాలప్పా, నీ కాళ్లు మొక్కుత. ఏసీ గ్యాస్ లీకైందని చెప్పు డాక్టరుకు. అల్లుడు, వియ్యపురాలు దారిల ఉన్నరు. నేనే పెట్టినా అని తెలిస్తె... నా బిడ్డకు తెలిస్తె..."

ఆయన కండ్లల్లకు చూస్తె నాకు గూడ నీళ్లు తిరిగినయి. ఒక్క గడియ సరే అందామనిపిచ్చింది, నిజం చెప్తున్న. అందరు ఏసీనే తిడ్తరు కద, ఇంకొకసారి తిడితె ఏం పోయింది? కని మరుక్షణమే మండింది.

"సేటూ, ఏసీ గ్యాస్ అంటె డాక్టరు ఏసీ గ్యాసుకు మందిస్తది. లోపలున్నది గోదాం గోళీల ఇసం. తప్పు మందు పడి ఆ తల్లీపిల్లకు ఏమన్న అయితె ఎవలికి చెప్పుకుంటవ్? నీ ఇజ్జత్ పెద్దదా, బిడ్డ పాణం పెద్దదా? నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

లేచిండు. నేను జబ్బ పట్టుకొని తోలుకపోయిన. డ్యూటీల ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. అప్పటిదంక ఉమ్మనీరు, గుండె, ఆయాసం అని తీరొక్క అనుమానంతోని పరీక్షలు చేయిస్తున్నది. సేటు అంత చెప్పిండు, ఒక్క ముక్క దాచలే. గోళీ పేరు, ఎన్ని, ఎప్పటినుంచి, అన్ని. ఆమె మొఖం మారింది. "ఇప్పటికన్న చెప్పిండ్రు, మంచిపని చేసిండ్రు" అన్నది. ఇసానికి ఇరుగుడు మందు ఉండదట, గుండెను, ఊపిరిని కనిపెట్టుకొని చూసుకోవాలట. పది నిమిషాలల్ల అంబులెన్స్ మాట్లాడి, హైదరాబాద్ పెద్ద దవాఖానకు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. లోపల పిల్ల గుండె కొట్టుకుంటనే ఉన్నదని వినిపిచ్చింది. గా చప్పుడు విని సేటు గోడకు తల ఆనిచ్చి ఏడ్చిండు.

అంబులెన్స్ ఎక్కించే ముందు స్రవంతికి జర తెలివొచ్చింది. ముక్కుకు ఆక్సిజన్ ఉన్నది. సేటు స్ట్రెచర్ పక్కన వంగి, "బిడ్డా, నేనే చేసిన. ఎలుకలకని గోళీలు పెట్టిన. నీకోసమే పెట్టిన" అన్నడు.

ఆమె ఆయన దిక్కు చూసింది. తిడ్తదనుకున్న. గట్ల తిట్టినా బాగుండేదేమో.

"నాకోసం పెట్టినవని నాకు ఎరుకే నాయినా" అన్నది మెల్లగ. "కని వాసనొస్తుందని ఎన్నిసార్లు చెప్పిన? ఒక్కసారన్న నా సీట్ల కూసోని చూడకపోతివి."

తర్వాత కండ్లు నా దిక్కు తిప్పింది. "నువ్వు గూడ, కాకా."

అంబులెన్స్ పోయింది. నేను షెడ్డు కిందికొచ్చి గా కారు బానెట్ మూసిన. నిజమే కద. రెండుసార్లు గా బండిని ఇప్పి ఏసిన. కాయిల్ చూసిన, పైపులు చూసిన, కింద పండుకొని సైలెన్సర్ చూసిన. అరగంట తిప్పిన గూడ, స్టీరింగ్ పట్టుకొని, నాకు నచ్చిన దినం. ఆమె ఎక్కే పొద్దుగాల, ఆమె సీట్ల, ఆమె తీరుగ అద్దాలు బిగిచ్చుకొని ఒక్క ఐదు నిమిషాలు కూసున్నా తెలిసేది. కుళ్లిన ఎల్లిగడ్డ అని పేరు పెట్టి మరీ చెప్పిందామె. గేజు అయినా అంత సక్కగ చెప్పదు. నేను నవ్విన.

దేవుని దయ, స్రవంతి నాలుగు దినాలకు కోలుకున్నది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. జర బక్కగ ఉన్నా అరుపు మాత్రం మిల్లు సైరన్ తీరు ఉండేదట. డాష్‌బోర్డు మొత్తం ఇప్పి, వైర్లన్ని మార్చి, గాలి దారులన్ని కడిగి, ఎండకు పది దినాలు బార్లా తెరిచి పెట్టిన బండిని. ఎలుకలు రాకుండ ఇంజన్ కింద సన్న ఇనుప జాలి బిగిచ్చిన. గా పని ఎండకాలమే చెయ్యాల్సింది. ఎలుకల సంగతి చూసుకో అని ఒక మాట పారేసి, ఎట్ల చూసుకోవాల్నో చెప్పకుండ పంపితి. పప్పు మిల్లాయన చేతిల ఏముంటది, గోళీలే కద.

ఇప్పుడు ఎవరన్న వాసన అన్నా, ఉక్కపోత అన్నా, ఒక్క దిక్కే చల్లగున్నదన్నా, నేను ముందు అడిగేది ఒక్కటే, గీ మాట ఎవరు చెప్పిండ్రు, వాళ్లు ఏ సీట్ల కూసుంటరు అని. వాళ్లు ఇంట్ల ఉంటె ఫోన్ కలుపమంట. ఎన్క సీట్ల కూసునే ముసలమ్మ అయినా సరే, బడిపిల్ల అయినా సరే. ఏ టైంల, ఎన్ని నిమిషాలకు, దేని తీరు వాసన అని మొత్తం వింట. కొందరు మగోళ్లు గులుగుతరు, "ఆమెకేం తెలుసు బాలప్పా, గ్యాస్ కొట్టు" అని. గట్లనేటోళ్లకు నా దగ్గర తిట్లు ఫ్రీ.

పిల్లకు మూడో నెల పడ్డంక స్రవంతిని అత్తగారింటికి పంపే దినం సేటు నాకు కబురు చేసిండు. పోయేసరికి కారు వాకిట్ల ఉన్నది, సామాన్లు ఎక్కిచ్చిండ్రు. స్రవంతి పిల్లను ఎత్తుకొని గడప కాడ నిలబడ్డది, బండి దిక్కు అడుగు పెడ్తలేదు. "మీరిద్దరు ఎక్కుండ్రి ముందు" అన్నది. సేటు స్టీరింగ్ కాడ, నేను ఆమె సీట్ల. అద్దాలు నాలుగు ఎక్కిచ్చి, బయటిగాలి పెట్టి, ఊరు దాటి బషీరాబాద్ రోడ్డుల కొంతదూరం పోయి బండి మలుపుకొని వచ్చినం. సేటు ఆ దినం పాన్ ఏసుకోలే. ఇద్దరం ముక్కులు పెట్టి పీలుస్తనే ఉన్నం.

దిగినంక అడిగింది. "ఏమన్న వచ్చిందా కాకా?"

"ఏం రాలే బిడ్డా."

తండ్రి దిక్కు చూసింది. ఆయన తల అడ్డంగ ఊపిండు. ఆమె పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకున్నది.

"ఇంకోసారి తిరిగి రాండ్రి" అన్నది.

మేం మల్ల ఎక్కినం.